పెద్దయ్యాక సున్తీ ఆపరేషన్: బెంగళూరు తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై రెండో ఏట నేను ఈ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు మారతహళ్లిలో ఉండేవాళ్లం. మా టీమ్‌లో ఒకడికి మాటల్లో చెప్పాను, వాడు వాళ్ల రూమ్మేట్‌కి చెప్పాడు. అక్కణ్ణుంచి ఎలా పాకిందో తెలియదు గానీ నెలకు ఇద్దరు ముగ్గురు "అన్నా, ఒక పర్సనల్ విషయం" అంటూ ఫోన్ చేస్తుంటారు. కొందరైతే పేరు కూడా సరిగా చెప్పరు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేవాణ్ణి. నేను పడింది, చదివింది, నన్ను చూసిన యూరాలజిస్టు (మూత్ర, పురుషాంగ సమస్యలు చూసే డాక్టర్) ఓపిగ్గా చెప్పింది కలిపి రాశాను. మీకు ఆపరేషన్ కావాలా వద్దా అన్నది మాత్రం పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి.

ఈ ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

పురుషాంగం కొనను కప్పి ఉండే ముందు చర్మాన్ని చుట్టూ కత్తిరించి తీసేసి, మిగిలిన రెండు అంచులను కలిపి కుడతారు. మామూలుగా అరగంట నుంచి గంట పడుతుంది. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. తీసిన చర్మం మళ్లీ రాదు. మిగతా ప్రశ్నలన్నీ ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని చదవండి.

నాకు నిజంగా అవసరమా? ఎలా తెలుస్తుంది?

ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి ఆపరేషన్ అవసరమే ఉండదని నా అనుమానం. చర్మం వెనక్కి వస్తోంది, నొప్పి లేదు, శుభ్రం చేసుకోగలుగుతున్నారు అంటే అక్కడ జబ్బేమీ లేదు. చర్మం పొడుగ్గా ఉండటం జబ్బు కాదు. లోపల తెల్లటి పాచి చేరడం కూడా జబ్బు కాదు, స్నానం చేసేటప్పుడు చర్మం వెనక్కి లాగి నీళ్లతో కడిగితే పోతుంది.

అవసరమయ్యే సందర్భాలు వేరు. చర్మం ఎంతకీ వెనక్కి రాకపోవడాన్ని ఫైమోసిస్ అంటారు. కొందరికి మామూలప్పుడు వస్తుంది, అంగం గట్టిపడినప్పుడు మాత్రం బిగుసుకుపోతుంది. ఇంకొందరికి కలిసినప్పుడల్లా అంచు చిట్లి మంట పుడుతుంది. నాది ఈ మూడో రకం. పెళ్లయిన కొత్తలో ఆరు నెలలు ఎవరికీ చెప్పుకోలేక, ఏదో అలర్జీ అనుకుని పౌడరు రాసుకున్నాను. మీరు పొరపాటున కూడా ఆ పని చేయకండి.

చర్మం తెల్లగా, గట్టిగా, మచ్చకట్టినట్టు ఉంటే లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు కావచ్చు. అది ముదిరితే మూత్రం దారి కూడా సన్నబడుతుంది కాబట్టి దానికి ఆపరేషన్ వైపే డాక్టర్లు మొగ్గుతారు. తీసిన చర్మాన్ని బయాప్సీకి (ల్యాబ్‌లో ముక్క పరీక్షకు) పంపుతారా అని అలాంటప్పుడు తప్పక అడగండి.

ఇంకొకటి ఉంది, అది ఎమర్జెన్సీ. బిగుతుగా ఉన్న చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగాక అది ముందుకు రాకుండా ఇరుక్కుపోయి, కొన వాచిపోతే పారాఫైమోసిస్ అంటారు. అలా జరిగితే తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని క్యాజువాలిటీకి వెళ్లాలి. రక్తం ఆడకపోతే ఆ భాగమే దెబ్బతింటుంది.

క్రీమ్‌తో తగ్గుతుందని విన్నాను, నిజమేనా?

చాలామందికి తగ్గుతుంది. బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీమ్‌ని బిగుతుగా ఉన్న అంచు మీద రోజుకు ఒకటి రెండు సార్లు పల్చగా రాస్తూ, నొప్పి రానంత మేరకు చర్మాన్ని మెల్లగా సాగదీయమంటారు. 4 నుంచి 8 వారాలు చూస్తారు. పిల్లల్లో ఇది బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లలో కూడా మచ్చకట్టని బిగుతుకు ప్రయత్నించి చూడదగ్గదే. నాకు ఆరు వారాల్లో సగం తగ్గింది, కానీ అంచున తెల్లటి మచ్చ ఉండటంతో అక్కడే ఆగిపోయింది.

ఒక జాగ్రత్త. మెడికల్ షాపులో గజ్జి, తామర అనగానే ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు ఉంటాయి కదా, అవి వద్దు. వాటిలో ఉండే స్టెరాయిడ్ చాలా ఘాటైనది కావచ్చు, అక్కడి చర్మం చాలా పల్చన. ఏ క్రీమ్, ఎంత శాతం, ఎన్ని వారాలు అన్నది చీటీ మీద రాయించుకోండి.

క్రీమ్ వాడకుండానే, అసలు ఆ మాటే ఎత్తకుండానే ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇచ్చేస్తే, కారణం అడగండి. మచ్చ ముదిరిందనో, ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోందనో చెబితే సరే. "అది టైమ్ వేస్ట్ సార్" అంటే ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

నాకు షుగర్ ఉంది. మాటిమాటికీ దురద, ఎర్రదనం, చర్మం చిట్లడం. ఆపరేషన్ చేయించుకుంటే పోతుందా?

ముందు షుగర్ చూపించుకోండి. ఒకటి రెండు సార్లు ఇలా వచ్చిన తర్వాతే తమకు షుగర్ ఉందని తెలిసినవాళ్లు చాలామంది. మూత్రంలో చక్కెర పోతుంటే ఆ తడిలో ఫంగస్ పెరుగుతుంది. చర్మం చిట్లి మానుతూ, చిట్లి మానుతూ చివరికి బిగుసుకుంటుంది.

షుగర్ మాత్రల సంగతి కూడా ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు చక్కెరను మూత్రంలోకి పంపించేసి పనిచేస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులే. కానీ ఈ ఇన్ఫెక్షన్లు రావడం వాటికున్న తెలిసిన సైడ్ ఎఫెక్ట్. మన దగ్గర 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగిసి ధర బాగా తగ్గాక దాన్ని విరివిగా రాస్తున్నారు. మా మేనమామకు హిందూపురంలో ఆపరేషన్ చేద్దామన్నారు. మాత్రల చీటీ ఫొటో పంపమంటే అందులో ఇదే ఉంది. షుగర్ డాక్టర్ మాత్ర మార్చి, ఫంగస్ మందు ఇచ్చాక రెండు నెలల్లో సర్దుకుంది. మీరు మాత్రం సొంతంగా మాత్ర మానేయకండి, రాసిన డాక్టరునే అడగండి.

ఇవన్నీ చేసినా ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే అప్పుడు ఆపరేషన్ నిజంగా ఉపయోగపడుతుంది. అయితే షుగర్ అదుపులో లేకుండా కోస్తే పుండు త్వరగా మానదు, చీము పట్టే అవకాశమూ ఎక్కువ. అందుకే మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, అది దిగాకే తేదీ ఇస్తారు.

కింద నరం తెగి రక్తం వచ్చింది. దానికీ ఇదే ఆపరేషనా?

మనవాళ్లు నరం అనేది నిజానికి నరం కాదు. కొన కింది వైపు చర్మాన్ని పట్టి ఉంచే సన్నటి పోగు. అది పొట్టిగా ఉంటే కలిసినప్పుడు చిట్లుతుంది. శుభ్రమైన గుడ్డతో కాసేపు ఒత్తి పట్టుకుంటే రక్తం చాలావరకు ఆగుతుంది. మాటిమాటికీ తెగుతుంటే ఆ పోగును మాత్రమే పొడిగించే ఫ్రెన్యులోప్లాస్టీ అనే చిన్న ఆపరేషన్ ఉంది. బిగుతు ఒక్కచోటే ఉంటే చర్మాన్ని ఉంచేసి అంచును వెడల్పు చేసే ప్రెప్యూషియోప్లాస్టీ కూడా ఉంది. ఈ రెండింటి గురించి అడిగితే తప్ప చెప్పేవాళ్లు తక్కువ.

సున్తీ చేయించుకుంటే ఎయిడ్స్ రాదంటారు కదా?

రాదు అనకూడదు, అవకాశం కొంత తగ్గుతుంది అనాలి. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన మూడు పెద్ద ట్రయల్స్ ఫలితాలు 2005, 2007 సంవత్సరాల్లో వచ్చాయి. స్త్రీ నుంచి పురుషుడికి హెచ్ఐవీ సోకే అవకాశం సుమారు 60 శాతం వరకు తగ్గినట్టు తేలింది. దాంతో 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్ఐవీ బాగా ఎక్కువగా ఉన్న తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాలకు దీన్ని సిఫారసు చేసింది. అక్కడి లెక్క వేరు. మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.2 శాతం దగ్గర ఉంది, ఆ సిఫారసు జాబితాలో మన దేశం లేదు. ఆపరేషన్ అయినా కండోమ్ అక్కర్లేకుండా పోదు. ఒక్క ఈ కారణంతో బెంగళూరులో కూర్చుని కోయించుకోవడం నాకైతే సబబుగా తోచదు.

క్యాన్సర్ మాట కూడా అడుగుతారు. పురుషాంగం క్యాన్సర్ అరుదు. ఫైమోసిస్ ఉన్నవాళ్లకు దాని ముప్పు మిగతావాళ్ల కన్నా బాగా ఎక్కువ. చర్మం వెనక్కి వచ్చి, రోజూ కడుక్కునేవాళ్లు ఆ భయంతో ఆపరేషన్ దాకా వెళ్లనక్కర్లేదు. కానీ మానని పుండు, గడ్డ కనబడితే మాత్రం దాచుకోకండి.

టైమింగ్ పెరుగుతుందా? సైజు?

శీఘ్రస్ఖలనానికి ఇది వైద్యం కాదు. గట్టి ఆధారం లేదు. సైజు పెరగదు. ప్రకటనల్లో ఈ రెండూ కనిపిస్తే ఆ క్లినిక్ పేరు గుర్తుపెట్టుకుని అటు వెళ్లకండి.

స్పర్శ తగ్గుతుందా?

ఫోన్‌లో చివరన, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. నిజాయితీగా చెప్పాలంటే జవాబు ఒక్కటి కాదు. కెన్యా, ఉగాండా ట్రయల్స్‌లో చేయించుకున్నవాళ్లను, చేయించుకోనివాళ్లను రెండేళ్లపాటు అడిగి చూస్తే కోరికలో, పటుత్వంలో, తృప్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2007లోనే కొరియా నుంచి వచ్చిన ఒక సర్వేలో మాత్రం హస్తప్రయోగంలో సుఖం తగ్గిందని కొంతమంది చెప్పారు. ముందు చర్మంలో సున్నితమైన నరాల కొసలు ఉంటాయన్నది నిజం, అది తీసేస్తే ఆ భాగం అనుభూతి ఉండదన్నదీ నిజం. దాన్ని మొత్తం అనుభవంలో నష్టంగా లెక్కేసుకుంటారా లేదా అన్నది మనిషిని బట్టి ఉంటుంది.

నాకు నొప్పి పోయింది కాబట్టి లాభమే అనిపించింది. నొప్పే లేనివాడికి అలా అనిపించాలని లేదు. అందుకే ఏ ఇబ్బందీ లేకుండా ఫ్యాషన్ కోసమో, ఎవరో అన్నారనో అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ ఆగమనే చెబుతాను.

రిస్కులు ఏంటి? దాచకుండా చెప్పండి.

ఎక్కువగా కనిపించేవి రక్తస్రావం, లోపల రక్తం గడ్డకట్టి ఉబ్బడం, ఇన్ఫెక్షన్, కుట్లు విడిపోవడం. ఆ ఆఫ్రికా ట్రయల్స్‌లో, శిక్షణ పొందినవాళ్లు చేసినప్పుడు, పట్టించుకోవలసిన స్థాయి సమస్యలు సుమారు 1.5 నుంచి 4 శాతం మందికి వచ్చాయి. చాలావరకు వైద్యంతో సర్దుకున్నాయి. వాళ్లందరూ ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు. మచ్చకట్టిన చర్మం, షుగర్, రక్తం పలుచనయ్యే మాత్రలు ఉన్నవాళ్లకు ఆ అంకెను అలాగే తీసుకోవద్దు.

తక్కువగా జరిగినా బాధపెట్టేవి వేరే ఉన్నాయి. చర్మం మరీ ఎక్కువ తీసేస్తే గట్టిపడినప్పుడు లాగేస్తుంది. తక్కువ తీస్తే మళ్లీ బిగుసుకోవచ్చు. మచ్చ ఎగుడుదిగుడుగా మానవచ్చు. మూత్రం రంధ్రం సన్నబడటం, కొన దెబ్బతినడం చాలా అరుదు, కానీ అసలు జరగవని చెప్పలేను.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి. పుట్టుకతోనే మూత్రం రంధ్రం కొన మీద కాకుండా కింది వైపు ఉన్నవాళ్లు కూడా. దాన్ని సరిచేయడానికి ఆ చర్మమే కావలసి రావచ్చు. సిగరెట్ తాగేవాళ్లకు గాయం నిదానంగా మానుతుంది, ఆపరేషన్‌కి ముందూ వెనకా ఆ కొన్ని వారాలైనా మానేయమంటారు.

లేజర్ మంచిదా, స్టేప్లరా, మామూలు కుట్లా?

సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగితే ఫోన్‌లో ఇదే ప్రకటన: కోత లేదు, కుట్లు లేవు, రక్తం లేదు, రేపటికల్లా ఆఫీసుకి. చర్మం తీయాలంటే ఏదో ఒకదానితో కోయాల్సిందే కదా. లేజర్ అని రాసి లోపల స్టేప్లర్‌తో చేసేవాళ్లూ ఉన్నారు, కరెంటు వేడితో కోసే కాటరీతో చేసేవాళ్లూ ఉన్నారు.

స్టేప్లర్ ఒకేసారి కోసి, చుట్టూ సన్నటి పిన్నులు వేస్తుంది. సమయం తక్కువ, రక్తం తక్కువ, అంచు గుండ్రంగా వస్తుంది. కానీ ఆ పిన్నులు ఒక్కొక్కటే ఊడటానికి రెండు మూడు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. లోపల ఇరుక్కున్నవాటిని డాక్టర్ తీయాలి. కుట్లయితే కరిగే దారంతో వేస్తారు, మూడు వారాల్లో రాలిపోతాయి. మచ్చకట్టిన చర్మాన్ని ఎంత తీయాలో చేత్తో చూసుకుంటూ కోసే పద్ధతిలోనే సర్జన్‌కు వీలు ఎక్కువ. నాకు అలాగే చేశారు.

పరికరం కన్నా ఆ చేయి ఎవరిదన్నదే నాకు ముఖ్యం అనిపించింది. మీరు ఈ పద్ధతిలో ఎన్ని చేశారు, ఏదైనా తేడా వస్తే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అని అడగండి. డాక్టర్లు ఏమీ అనుకోరు.

బెంగళూరులో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

యూరాలజిస్టు దగ్గరికి. ఎంసీహెచ్ యూరాలజీ లేదా డీఎన్‌బీ యూరాలజీ అని పేరు పక్కన ఉంటుంది. అనుభవం ఉన్న జనరల్ సర్జన్లు కూడా చేస్తారు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ చీటీ మీదే ఉంటుంది, ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు.

ఇంకొకటి, మనలాంటి బయటి రాష్ట్రం వాళ్లకు తెలియనిది. కర్ణాటకలో 2007 నుంచి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది, అందరూ కేపీఎంఈ అంటారు. దాని కింద ప్రతి ప్రైవేటు క్లినిక్, ఆసుపత్రి రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సర్టిఫికెట్టు, రేట్లు కనబడేలా పెట్టాలి. లోపలికి వెళ్లగానే రిసెప్షన్ గోడ చూడండి.

నా మొదటి అనుభవం చెబుతాను. ఆన్‌లైన్‌లో నంబర్ ఇచ్చిన పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. మర్నాడు వెళ్తే డాక్టర్ కంటే ముందు ఒక కోఆర్డినేటర్ కూర్చోబెట్టి "ఇవాళ బుక్ చేస్తే డిస్కౌంట్ సార్" అన్నాడు. డాక్టర్ రెండు నిమిషాలు చూశారు, క్రీమ్ మాటే రాలేదు. చెప్పిన ప్యాకేజీలో మత్తు డాక్టర్ ఫీజు, రక్త పరీక్షలు, తర్వాతి డ్రెస్సింగులు లేవని గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది. అన్నీ కలిపితే మొదట చెప్పిన దానికి ఒకటిన్నర రెట్లు. దండం పెట్టి వచ్చేశాను. తర్వాత రెండు వారాలు రోజూ ఫోన్లే.

ఖర్చు భారమైతే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రో యూరాలజీ అని ప్రభుత్వ సంస్థ ఉంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రులు కూడా చూడొచ్చు. క్యూలు ఉంటాయి. భాష గురించి టెన్షన్ వద్దు, ఏ ఆసుపత్రిలో చూసినా మదనపల్లి, హిందూపురం వైపు నర్సమ్మ ఒకరు తగులుతారు. సంతకం పెట్టే ఫారమ్‌ని తెలుగులో చెప్పించుకుని మరీ పెట్టండి.

మత్తు ఎలా ఇస్తారు? ఇంజెక్షన్ నొప్పా?

చాలామందికి అంగం మొదట్లో ఇంజెక్షన్ ఇచ్చి ఆ భాగాన్ని మాత్రమే మొద్దుబారుస్తారు. ఆ సూది గట్టిగానే కుడుతుంది, అబద్ధం చెప్పను, కానీ నిమిషంలో అయిపోతుంది. భయం ఎక్కువున్నవాళ్లకు వెన్నులో ఇంజెక్షన్ లేదా పూర్తి మత్తు ఇస్తారు. అప్పుడు ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

మన పాలసీల్లో చాలావాటిలో సున్తీని మినహాయింపుల్లో పెట్టి, జబ్బుకో గాయానికో వైద్యంగా అవసరమైతే తప్ప అని రాస్తారు. అంటే ఫైమోసిస్, మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్ అని డాక్టర్ రాస్తే అడగొచ్చు, ఇష్టపూర్వకంగా చేయించుకుంటే రాదు. లేని జబ్బు రాయించుకోకండి. ఆపరేషన్‌కి ముందే కంపెనీ హెచ్ఆర్ ఇచ్చిన టీపీఏ (ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే సంస్థ) నంబరుకు ఫోన్ చేసి, డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే వైద్యం) కింద వస్తుందా అని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి.

ఆపరేషన్ తర్వాత రోజులు ఎలా ఉంటాయి?

మొదటి రాత్రి మొద్దుతనం దిగేసరికి మంట మొదలవుతుంది. అది దిగకముందే మాత్ర వేసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. పారాసిటమాల్, లేదంటే వాళ్లు రాసిన నొప్పి మాత్ర, మొదటి రెండు రోజులు నొప్పి వచ్చాక కాకుండా టైమ్ ప్రకారం వేసుకోండి.

కట్టు ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. తీయగానే అద్దంలో చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. వాపు, నీలం మచ్చలు, ఎర్రటి అంచు. నేనైతే ఫొటో తీసి డాక్టరుకు పంపాను. ఆయన ఒక్క మాట, "నార్మల్" అని రాశారు. వాపు రెండు వారాలు ఉంటుంది, కింది వైపు ఇంకొన్నాళ్లు. అంగాన్ని పొట్ట వైపుకి పైకి పెట్టి, కొంచెం బిగువుగా ఉండే అండర్‌వేర్ వేసుకుంటే వాపు త్వరగా దిగుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు లుంగీయే హాయి. మా ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన పంచెలు అన్నేళ్లకు పనికొచ్చాయి.

కట్టు లేని కొన మొదటిసారి బట్టకు తగలడం వింతగా ఉంటుంది. నడుస్తుంటే జివ్వుమంటుంది. రెండు మూడు వారాల్లో అలవాటైపోతుంది. కాస్త వ్యాసెలిన్ రాసుకోమంటారు. స్నానం రెండో మూడో రోజు నుంచి, డాక్టర్ చెప్పాక, మగ్గుతో నీళ్లు పోసుకుని మెల్లగా అద్దుకోవాలి. డెట్టాల్, పసుపు, కొబ్బరి నూనె, అమ్మమ్మ చెప్పిన ఆకు పసరు ఏవీ వద్దు.

నాలుగో రోజుకో ఐదో రోజుకో కుట్ల వెంబడి పసుపు రంగు తడి పొర కనబడుతుంది. నేను చీము అనుకుని హడలిపోయాను. అది గాయం మానేటప్పుడు వచ్చే పొర, గోకి తీయకూడదు. చీము అయితే వాసన వస్తుంది, చుట్టూ ఎర్రగా వేడిగా ఉంటుంది, నొప్పి తగ్గాల్సింది పెరుగుతుంది.

తెల్లవారుజామున గట్టిపడితే?

పడుతుంది. ఆపలేరు. నిద్రలో ప్రతి మగవాడికీ అయ్యేదే. మొదటి వారం అదే పెద్ద శిక్ష. లేచి నిలబడి నాలుగు అడుగులు వేయండి, మూత్రం పోయండి. బట్టలో చుట్టిన ఐస్ తొడల దగ్గర పెట్టుకోండి, గాయం మీద కాదు. పడుకునేముందు నీళ్లు తగ్గించండి, పక్కకు తిరిగి మోకాళ్లు మడుచుకుని పడుకోండి. కుట్లు దానికే తెగిపోతాయన్న భయం చాలావరకు అనవసరం.

ఎప్పుడు పరిగెత్తాలి?

శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు కదలకుండా ఒత్తి పట్టుకున్నా రక్తం ఆగకపోతే. ఉబ్బు గంటగంటకూ పెరుగుతుంటే. మూత్రం రాకపోతే. కొన నల్లగానో నీలంగానో మారితే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే. ఎర్రదనం పొట్ట వైపు పాకితే. అర్ధరాత్రయినా సరే, ఎవరూ దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

ఆఫీసు, బైకు, జిమ్, ఊరికి బస్సు?

కుర్చీ పనైతే మూడు నుంచి ఏడు రోజుల్లో వెళ్లొచ్చు, వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికితే వారం తీసుకోండి. నేను చేసిన తప్పు బైకు. తొమ్మిదో రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి మీద వెళ్లాను. ఇబ్లూరు దాటాక ఒక హంప్ దగ్గర చురుక్కుమంది, ఆఫీసు బాత్రూమ్‌లో చూసుకుంటే ఒక కుట్టు విడిపోయి రక్తం. డాక్టర్ మళ్లీ కుట్టలేదు, దానంతట అదే మానింది గానీ ఆ చోట మచ్చ ఇప్పటికీ కొంచెం ఎత్తుగా ఉంటుంది. రెండు వారాలు బైకు వద్దు. మెట్రో మంచిది. ఆటో ఎక్కితే "అణ్ణా, స్వల్ప నిధాన" (అన్నా, కాస్త మెల్లగా) అన్న కన్నడం ముక్క నేర్చుకోండి.

జిమ్, క్రికెట్, ఈత నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. శుక్రవారం రాత్రి మడివాళలో విజయవాడ బస్సెక్కి పన్నెండు గంటలు కూర్చునే సాహసం మొదటి వారం చేయకండి. తిరిగి చూపించుకోవాల్సింది ఇక్కడి డాక్టరుకే. పండక్కి సెలవులున్నాయని ముందు రోజు ఆపరేషన్ పెట్టుకుని ఊరికి వెళ్లిపోయినవాళ్లున్నారు. కట్టు విప్పేదెవరు?

పత్యం చేయాలా? వంకాయ, పప్పు తింటే చీము పడుతుందంటుంది అమ్మ.

పడదు. పప్పు, గుడ్డు, చికెన్, పెరుగు అన్నీ తినొచ్చు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, పళ్లు, నీళ్లు చూసుకోండి. ముక్కితే గాయం దగ్గర లాగుతుంది. నెయ్యి వేసిన చారన్నం మాత్రమే తిని నీరసపడిపోయిన ఒక తమ్ముడు నాకు తెలుసు.

భార్యతో ఎప్పుడు?

ఆరు వారాలు ఆగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెబుతుంది. హస్తప్రయోగానికీ అదే లెక్క. పైకి మూడు వారాలకే మానినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పూర్తిగా మానకముందే కలిస్తే పుండు తెరుచుకుంటుంది, ఏ ఇన్ఫెక్షన్ అయినా ఇంకా సులువుగా సోకుతుంది. మొదటిసారి కండోమ్, లూబ్రికెంట్ వాడండి, తొందరపడకండి. ఆరు వారాలన్న సంగతి ఆమెకు ఆపరేషన్‌కి ముందే చెప్పండి, తర్వాత కాదు. నా పెళ్లికి ముహూర్తం మూడు వారాల్లో ఉంది అని ఒకతను ఫోన్ చేశాడు. పెళ్లయ్యాకే పెట్టుకోమన్నాను, క్రీమ్‌తో ఆ లోపు సగమైనా తగ్గుతుందేమో చూడమన్నాను.

ఇంట్లో ఏం చెప్పాలి? మతం మారావా అంటారేమో.

ముస్లింలకు, యూదులకు ఇది మతాచారం, పవిత్రమైన విషయం. మీకు ఇది వైద్యం. ఒకటే ఆపరేషన్, కారణం వేరు. మా నాన్నకు "చర్మం ఇన్ఫెక్షన్, చిన్న ఆపరేషన్" అని చెప్పాను, ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగేది ఎవరయ్యా అంటే రూమ్మేట్లే, జోకులు వాళ్లవే. మతం మార్పు కోసమో, పెళ్లి కోసమో ఎవరి ఒత్తిడి మీదనో చేయించుకోబోతుంటే అది డాక్టరుతో ఒంటరిగా మాట్లాడేటప్పుడు చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి సంతకం అతనిదే, బల్ల మీద పడుకున్నాక కూడా వద్దనే హక్కు ఉంది.

ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

రక్తస్రావం, ఇరుక్కుపోవడం, మూత్రానికి అడ్డు లాంటివి లేకపోతే తొందర లేదు. ఇద్దరు యూరాలజిస్టులకు చూపించుకోండి, రెండో ఆయనకు మొదటి ఆయన ఏమన్నారో ముందే చెప్పకండి. డాక్టర్ క్రీమ్ రాసిస్తే, చీటీలో ఉన్నన్ని వారాలు రోజూ మానకుండా వాడండి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ వారాల చివర చర్మం ఎంతవరకు వస్తోంది, ఇంకా చిట్లుతోందా అన్నది రాసుకుని ఆ కాగితం పట్టుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.